పదకొండో ఫోటో

పుస్తకం పోయింది గురువారం, ఆయుధపూజ వెళ్ళిన ఎనిమిదో నాడు. ఉదయం తొమ్మిదింబావుకి కాళి గాజుపెట్టె తుడిచినప్పుడు లోపల ఉంది. మధ్యాహ్నం రెండుంబావుకి లేదు.

సింగానల్లూరులో మూతపడిన మిల్లు గిడ్డంగి అది. ఇప్పుడు దాన్ని క్రీడా గౌరవ మందిరం అంటారు. గోడ మీద పది ఫోటోలు: నలుగురు బేస్‌బాల్ ఆటగాళ్ళు, ముగ్గురు బాల్ బ్యాడ్మింటన్, ఇద్దరు కబడ్డీ, ఒక పరుగుపందాల అమ్మాయి. పదో ఫోటో పక్కన పదకొండో మేకు కొట్టి ఉంది. ఆదివారం పది గంటలకు దానికి అళగర్సామి ఫోటో తగిలించి తెర తీయాలి. అళగర్సామి మిల్లు యజమాని కొడుకు, మిల్లు బేస్‌బాల్ జట్టులో బంతి విసిరే పిచ్చర్. పోయిన ఏడు తమిళ ఆడి నెలలో చనిపోయాడు. తొమ్మిది ఇన్నింగ్సుల్లో మధురై జట్టుకి ఒక్క హిట్ కూడా ఇవ్వని అరుదైన ఆట ఒకటి అతని పేరున ఉంది. ఆ ఆటకు సాక్ష్యం పోయిన పుస్తకమే: మిల్లు జట్టు స్కోరు పుస్తకం. దాన్ని చూడకుండా సంతకం పెట్టనని మధురై నుంచి వచ్చే పరిశీలకుడు ముందే ఉత్తరం రాశాడు.

పదకొండేళ్ళు ఆ పుస్తకం రాసింది మిల్లు బడి పంతులమ్మ సుగంధి. ఆమె పోయి ఎనిమిది నెలలు. ఆమె భర్త బాలమురళి, క్రైమ్ బ్రాంచిలో పనిచేసి రిటైరై మూడేళ్ళయింది. ట్రస్టు పెద్ద మీనాక్షమ్మ అతనికి శుక్రవారం ఫోన్ చేసింది. "నీ పెండ్లాం చేతిరాత పోయింది మురళీ. రా," అని ఒక్క మాట చెప్పి పెట్టేసింది.

అతను వచ్చింది శనివారం రెండున్నరకి. అప్పటికే ఇన్‌స్పెక్టర్ కృత్తిక కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది. మధురైలో బట్టల అంగడి నడిపే కుటుంబం పిల్ల. ఇంట్లో తెలుగు, స్టేషన్‌లో తమిళం, కోపం వస్తే రెండూ.

"నాలుగు గంటలకి ఇతన్ని తీసుకుపోతా సార్," అంది, గోడకు ఆనుకుని నిలబడ్డ కాళిని చూపిస్తూ. "జీపు బయటే ఉండాది. ఈ గంటన్నర కూడా ట్రస్టు పెద్దమ్మ అడిగినారని ఇస్తా ఉండాను."

"ఏం దొరికింది?"

"పెట్టె తాళం పగల్లేదు. తాళంచెవులు రెండే. ఒకటి పెద్దమ్మ నడుములో, ఒకటి ఇతని మొలతాడుకి. తొమ్మిదేండ్లు జట్టులో ఆడినాడు, గోడ మీద మాత్రం ఇతని ఫోటో లేదు. ఈడ నేల తుడిచే పని చేస్తా ఉండాడు. కడుపుమంట ఉండదా? అది చాలదని నిన్న నోటితోనే ఒప్పుకొన్నాడు."

"ఏమని?"

"'తప్పు చేస్తిని' అని."

"పుస్తకం తీశానన్నాడా?"

"రెండిటికీ ఏమి వ్యత్యాసం సార్?"

"ఒక పుస్తకం వ్యత్యాసం."

కృత్తిక నవ్వలేదు. "మీరు ఒకటి చెప్పండి. పోయిన వస్తువు మీ ఇంటిది. పట్టుబడినవాడు మీకు పాతికేండ్లుగా తెలిసినవాడు. నేను మీ కింద పనిచేసేటప్పుడు ఇట్లాంటి కేసు తీసుకొని ఉంటే ఏమి చేసి ఉందురు?"

"సస్పెన్షన్‌కి రాసేవాణ్ణి."

"తెలిసే వచ్చినారు. సరి. కానీయండి."

బాలమురళి కాళి దగ్గరకు వెళ్ళాడు. యాభై ఆరేళ్ళ మనిషి, పొడుగు చేతులు, కొత్తగా గొరిగించిన తల మీద వెంట్రుకలు అంగుళం కూడా పెరగలేదు.

"గురువారం ఎవరెవరు వచ్చారు కాళీ? టైములతో చెప్పు."

"పదకొండింటికి విగ్నేశ్ తంబి వచ్చె సామీ. వాళ్ళ నాయన మన అళగర్ చిన్నయ్య ఫోటోకు చోటు కొలిచేదానికి. తుడియలూరులో తన వర్క్‌షాపు పట్టరై నుంచి నేరుగా వచ్చె, చేతిలో సామాను సంచి. మేకు కొట్టల్ల, నిచ్చెన కావల్ల అన్నె. నిచ్చెన క్యాంటీన్‌లో ఉండాది కదా, తీసుకొస్తిని."

"ఎంతసేపు?"

"పోయి మోసుకొని వచ్చేదానికి ఇరవై నిమిషాలు. తంబి పదకొండూ ముప్పావుకు పోయె. ఒంటిగంటకు పెట్టె దిక్కు చూడకనే బీగం వేసి కూటికి పోతిని. రెండుంబావుకు వచ్చి చూస్తే పెట్టె ఖాళీ. అప్పుడే పెద్దమ్మకు చెప్పితిని."

"మొదట చెప్పినవాడే దొంగ అయిన కేసులు నేను నాలుగు చూసినా," అంది కృత్తిక వెనక నుంచి.

"నేను ఆరు," అన్నాడు బాలమురళి. "కాళీ, నిన్న నువ్వు చేశానన్న తప్పేమిటి?"

కాళి నేల చూశాడు. బాలమురళి మళ్ళీ అడగలేదు. ఉద్యోగంలో ఉన్నప్పుడైతే అడిగేవాడు.

గాజుపెట్టె గోడకు జానెడు ఎడంగా ఉంది. ముందు గాజు, పక్కన తాళం. లోపల నీలం మఖ్మలు గుడ్డ వెలిసిపోయి, పుస్తకం ఉన్న మేర మాత్రం ముదురు రంగు నిలిచి ఉంది. బాలమురళి ఆ చతురస్రాన్ని కాసేపు చూసి, కాళితో కలిసి పెట్టెను ముందుకు జరిపించాడు.

"వెనక ఏముంటాది? పలక," అంది కృత్తిక.

"మీవాళ్ళు చూశారా?"

ఆమె కుర్చీ దగ్గరకు లాక్కుంది.

వెనక పలక నిండా ఏళ్ళనాటి దుమ్ము. నాలుగు మూలలా నాలుగు మరలు. మరల చుట్టూ మాత్రం దుమ్ము చెరిగి, నాలుగు గుండ్రాలు శుభ్రంగా ఉన్నాయి. బాలమురళి కళ్ళద్దాలు పైకి జరుపుకుని వంగాడు. మోకాళ్ళు నొప్పి పెట్టాయి. జేబులోంచి పెన్ను తీసి, దాని మొనతో మర నెత్తి మీది గాడిని గీకాడు. ఎండిన పసుప్పచ్చని పొడి రాలింది. రెండో మరలోంచి కూడా రాలింది, ఈసారి ఎర్రటి పలుకుతో.

"చందనం, కుంకుమ," అన్నాడు. "పూజలో పెట్టిన స్క్రూడ్రైవర్. తాళంచెవి ఉన్నవాడికి మరలు విప్పే పనేమిటి?"

"మనం ఇట్లా అనుకోవల్లనే విప్పి ఉంటాడు," అంది కృత్తిక వెంటనే. "ఇంకొకటి సార్, ఊరంతా ఆయుధపూజ చేసింది. మా స్టేషన్ లాఠీలకు కూడా బొట్టు ఉండాది. ఈ చిటికెడు చందనంతో ఎవరిని పట్టుకొంటారు?"

"ఎవర్నీ పట్టుకోను. ఒకణ్ణి వదిలిస్తాను. కాళీ, నీ సామాను పెట్టె తీసుకురా."

రేకు పెట్టె వచ్చింది. సుత్తి, పటకారు, రెండు స్క్రూడ్రైవర్లు. అన్నీ నూనె గుడ్డతో తుడిచి ఉన్నాయి. ఒక్కదాని మీదా బొట్టు లేదు, బొట్టు చెరిపిన మరకా లేదు.

"ఈ ఏడు మా ఇంట్లో పూజ లేదు సామీ," అన్నాడు కాళి మెల్లగా. "మా అమ్మ అంజలమ్మ పోయి ఇరవైమూడు నాళ్ళు. ఏడు తిరిగేదాకా పండగ లేదు."

"మందిరంలో?"

"ఈడ పెట్టేది నేనే కదా. ఈసారి బీగం వేసేస్తిని."

కృత్తిక స్క్రూడ్రైవర్ తీసుకుని వెలుతురులో తిప్పి చూసింది. "ఇది మీకు ఎట్లా తట్టింది సార్?"

"నా స్కూటర్‌కీ ఈ ఏడు బొట్టు లేదు."

ఆమె స్క్రూడ్రైవర్‌ను పెట్టెలో పెట్టేసింది.

మూడూ ఐదుకి కారు ఆగింది. మీనాక్షమ్మ మనవడి చెయ్యి పట్టుకుని లోపలికి వచ్చింది. ఎనభై దాటిన మనిషి, నడుములో దోపిన తాళంచెవుల గుత్తి నడకతో పాటు చప్పుడు చేస్తోంది. విగ్నేశ్ ఆమెను కుర్చీలో కూర్చోబెట్టాడు. అళగర్సామికి అతనొక్కడే కొడుకు, ట్రస్టుకి కార్యదర్శి.

"రేపు నా కొడుకు ఫోటో, ఎల్లుండి పదమూడో తేదీ వీడి పుట్టిన నాడు," అందావిడ. "రెండిటికీ ముందర ఈ పీడ. దొరికెనా మురళీ?"

"ఇంకా లేదమ్మా. విగ్నేశ్, మీ నాన్నగారి ఎంపిక ఫైలు తెచ్చావా?"

"తెచ్చినాను మామా." విగ్నేశ్ ఫైలు అందించాడు. "అసలు పుస్తకం పోయినా పరవాలేదు. ఆ ఆట రాసిన తాళు, ఆ పేజీ, ఆగస్టులోనే జెరాక్స్ తీసి పెట్టినాను. పరిశీలకునికి మీరొక మాట చెప్తే..."

బాలమురళి జెరాక్స్ కాగితాన్ని కిటికీ దగ్గరకు తీసుకువెళ్ళాడు. గళ్ళ నిండా సుగంధి అంకెలు. ఏడు అంకె నడుమ అడ్డగీత గీసేది, పిల్లలు ఒకటి అనుకోకుండా. ఆ అడ్డగీత అక్కడ ఉంది. అతను దాన్నే ఎక్కువసేపు చూశాడు. తరువాత పైన తేదీ చూశాడు. 1996 అక్టోబరు 20. పిచ్చర్: అళగర్సామి.

"విగ్నేశ్, నీ ఫోన్‌లో పంచాంగం ఉందా?"

"ఉండాది మామా."

"ఈ తేదీ చూసి చెప్పు."

విగ్నేశ్ వేలితో ఏళ్ళు వెనక్కి జరిపాడు. "ఆదివారం. ఆటలన్నీ ఆదివారమే కదా ఆడేది."

"వారం అడగలేదు. దాని కింద ఏముందో పైకి చదువు."

విగ్నేశ్ చదవలేదు. మీనాక్షమ్మ, "ఏమిరా, కండ్లు కనపడలేదా?" అంది.

"నవమి," అన్నాడు విగ్నేశ్. "సరస్వతీ పూజ... ఆయుధపూజ."

"ఆ నాడు ఆటా?" మీనాక్షమ్మ గట్టిగానే అంది. "ఎవడు చెప్పింది? బ్యాట్లు, తోలు గ్లౌజులు, బంతులు అన్నీ మన ఇంట్లో పటం ముందర ఉండేవి. సుగంధి ఆ పుస్తకము, పేనా కూడా తెచ్చి పెట్టేది. మరునాడు హారతి అయినాకనే ముట్టేది. పూజలో పెట్టిన బంతిని నా కొడుకు తీసుకొని పోయి ఆడితే నేను ఊరికే ఉందునా?"

"ఆ రోజు ఆ పుస్తకంలో ఒక్క గీత కూడా పడదు," అన్నాడు బాలమురళి. "పదకొండేళ్ళూ నేను చూశాను. పెన్ను లేక ఆ రోజు మా ఇంట్లో పాల చీటీ కూడా రాసేవాళ్ళం కాదు."

కృత్తిక లేచి వచ్చి కాగితం అందుకుంది. "అంటే ఈ ఆట జరగనే లేదు?"

"జరిగింది. అంకెలు సుగంధివే. తేదీ మార్చారు. ఆట ఆదివారమే పడాలి కాబట్టి తరువాతి ఆదివారానికి జరిపారు. అసలు ఆదివారం పదమూడు." బాలమురళి విగ్నేశ్ వైపు తిరిగాడు. "ఎల్లుండికి నీకు ఎన్నేళ్ళు నిండుతాయి?"

"ఇరవై తొమ్మిది," అన్నాడు విగ్నేశ్, నేల చూస్తూ.

లెక్క ముందు అందింది మీనాక్షమ్మకే. "పదమూడున అళగర్ ఊర్లోనే లేడే," అంది. "కోడలి పురుడు ఒట్టన్‌చత్రంలో, పుట్టింట. నొప్పులని కబురు వస్తే తెల్లారక ముందే బస్సెక్కి పోయె. వీడు పుట్టినది చూసి మంగళవారం వచ్చె."

"గురువారం కాళిని నిచ్చెన కోసం పంపించావు," అన్నాడు బాలమురళి. "అవ్వ నడుములోని తాళంచెవి నీకు అందదు. సంచిలో స్క్రూడ్రైవర్ ఉంది. పోయిన ఏడు మీకు పూజ లేదు కదా. ఈ ఏడు పట్టరైలో ప్రతి సామానుకీ రెండు చేతులా చందనం పెట్టించి ఉంటావు."

విగ్నేశ్ గోడ మీది ఖాళీ మేకు వైపు చూస్తూ మాట్లాడాడు.

"నాయన ఒక్కనాడూ అబద్ధం చెప్పలేదు మామా. ఆ ఆట తాను ఆడినానని ఎప్పుడూ అనలేదు. ప్రతి పుట్టిన నాడూ నవ్వుతా చెప్పేవాడు, 'నీ కోసరం రా నేను ఆ ఆట వదిలింది' అని. ఆయన పోయినాక గుర్తు చేసుకొంటే ఆ నవ్వే వస్తా ఉండాది. వదిలింది తిరిగి ఇచ్చేద్దామనుకొంటిని. ఒక తేదీ, ఒక పేరు. అంతే."

"పేరు ఎవరిది తీసేశావు?" అని అడిగింది కృత్తిక.

అతని కళ్ళు గోడ దగ్గరకు పోయాయి. కాళి అక్కడే, రేకు పెట్టె చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"నువ్వా?" అంది కృత్తిక. "రెండు దినాలుగా అడుగుతా ఉండాను, ఒక్క మాట చెప్పలేదే! ఆ ఆట విసిరింది నువ్వా?"

"చిన్నయ్య ఊరికి పోయె. కోచ్ నన్ను విసరమన్నె. విసిరితిని," అన్నాడు కాళి.

మీనాక్షమ్మ తాళంచెవుల గుత్తిని ఒళ్ళో పెట్టుకుని చూస్తూ కూర్చుంది. "నేను ఆటకు కూడు పంపించేదాన్ని," అంది కాసేపటికి. "ఎవరు విసిరినారని అడగలేదు ఎప్పుడూ."

మూడూ నలభైకి విగ్నేశ్ కారు డిక్కీ తెరిచి పుస్తకం తెచ్చాడు. తండ్రి ఆట చొక్కాలో చుట్టి ఉంది. "తెరిచి చూడలేదు మామా. చూసే ధైర్యం రాలేదు," అన్నాడు.

అట్ట మీద పాత చందనపు చుక్కలు, ఏడాదికొకటి, పదకొండు. సుగంధి బొట్టు ఎప్పుడూ కుడి మూలనే పెట్టేది. బాలమురళి వేలు వాటి పక్కన ఆనించి, చుక్కల మీద పెట్టకుండా తీసేశాడు. 1996కి తిప్పాడు. సెప్టెంబరు. అక్టోబరు ఆరు. తరువాత అక్టోబరు ఇరవై ఏడు.

నడుమ తాళు లేదు.

బ్లేడుతో కోసిన అంచు. కుట్టు దగ్గర వేలెడు వెడల్పున కాగితం మిగిలి ఉంది. అది ఆ పేజీ చివరి నిలువు వరస, మధురై ఆటగాళ్ళ హిట్లు కూడి రాసే గళ్ళు. పై నుంచి కిందికి తొమ్మిది సున్నాలు, గుండ్రంగా, ఒకదాని కింద ఒకటి. పేర్లున్న భాగమంతా పోయింది.

"నేను కోయలేదు!" విగ్నేశ్ గొంతు పెద్దదైంది. "అవ్వ మీద ఒట్టు మామా. ఆగస్టులో జెరాక్స్ తీసినప్పుడు తాళు ఉండె!"

"ఆ మొదటి జెరాక్స్ ఏది? దిద్దనిది?"

"కాల్చేసినాను."

బాలమురళి పుస్తకం మూయకుండానే తిరిగాడు. "కాళీ. ఇప్పుడు చెప్పు. ఏం తప్పు చేశావు?"

కాళి రేకు పెట్టె కింద పెట్టాడు.

"అమ్మకు ముగింపు దగ్గరికి వచ్చె సామీ. కండ్లు సరిగా కానరావు. తొమ్మిదేండ్లు మైదానం కంచె బయట కూర్చొని నా ఆట చూసింది. లోపలికి రమ్మంటే వచ్చేది కాదు. 'ఆ పంతులమ్మ నీ పేరు పుస్తకంలో రాసిందంటివే, ఏడరా అది' అని అడిగె. పుస్తకం మొత్తం ఇంటికి మోసేది తప్పు అనుకొంటిని. ఒక్క తాళే, ఒక్క దినమే, మళ్ళీ తెచ్చి అంటిద్దామని బ్లేడుతో కోస్తిని."

"ఎక్కడుంది?"

"అమ్మ చేతిలో పెడితిని. వేలు పట్టుకొని నా పేరు మీద పెడితిని. తడిమి చూసి పిడికిలి మూసుకొనె. తెల్లారికి పోయె." కాళి తన చేతి వైపు చూసుకున్నాడు. "విప్పుదామని పోతిని సామీ. వేళ్ళు బిగుసుకొని ఉండె. విరుస్తే గాని రావు. విప్పలేకపోతిని. అట్లే తీసుకుపోయి కాల్చినాము."

కృత్తిక టోపీ తీసి చేత్తో పట్టుకుని, మళ్ళీ పెట్టుకుంది.

"పోలీసులు వస్తే తాళు కోసమే వచ్చినారనుకొంటిని," అన్నాడు కాళి.

"నాకు ఒక దొంగతనం కావల్ల సార్," అంది కృత్తిక అలసటగా. "ఒకడు సొంత ట్రస్టు పుస్తకం తీసి మళ్ళీ తెచ్చినాడు. ఇంకొకడు సొంత పేరు కోసుకొని పోయినాడు. ఇది ఏ సెక్షన్ కింద రాసేది? మీరైతే ఏమి రాసి ఉందురు?"

"పెద్దమ్మ ఫిర్యాదు వెనక్కి తీసుకుంటుందేమో అడుగు."

మీనాక్షమ్మ చెయ్యి ఊపింది. తీసుకుంటానన్నట్టే ఉంది అది. కృత్తిక జీపు నాలుగింటికి రెండు నిమిషాల ముందు వెళ్ళిపోయింది, ఖాళీగానే. వెళ్ళేముందు ఒక్క ప్రశ్న వేసింది. "ఆ జట్టులో ఇంకెవరన్నా ఉండారా, చూసినవాళ్ళు?"

"కోచ్ పోయె. ఇద్దరు తిరుప్పూరులో ఉండారని విన్నా. ఉండారో లేదో," అన్నాడు కాళి.

"ఉన్నా వాళ్ళ మాట చెల్లదు," అన్నాడు విగ్నేశ్. అసలు రికార్డు లేనిదే ఫోటో లేదని ఈ ఏడు నియమం రాసింది అతనే.

బాలమురళి కోసిన అంచు మీదికి వంగి, తొమ్మిది సున్నాలనూ ఇంకోసారి లెక్కపెట్టాడు. అక్కడ అలాంటి ఆట ఒకటి జరిగిందని అవి చెబుతున్నాయి. ఎవరు విసిరారో చెప్పవు. చెప్పగలిగిన మనిషి వాటిని రాసిన ఆవిడ.

"తేదీ మార్చింది నువ్వేనని, తీసేసిన పేరు ఏదో, రేపు పది గంటలకు అందరి ముందూ చెబుతావా విగ్నేశ్?"

విగ్నేశ్ తండ్రి చొక్కా మడత పెట్టడం మొదలుపెట్టాడు. మడత సరిగా రాలేదు. విప్పి మళ్ళీ పెట్టాడు. మీనాక్షమ్మ మనవణ్ణి చూస్తోంది. కాళి నిచ్చెన తెచ్చి గోడకు వేసి, రేపటి కోసం పది ఫోటోల గాజులూ ఒక్కొక్కటే తుడుస్తున్నాడు. పదకొండో మేకు దగ్గర ఆగి, దాని చుట్టూ గోడ కూడా తుడిచాడు.

అళగర్సామి ఫోటో కారు వెనక సీటులో, బట్ట కప్పి, అలాగే ఉంది. కాళికి ఫోటో తీయించినవాళ్ళు లేరు. విగ్నేశ్ ఇంకా జవాబు చెప్పలేదు.